ధర్మవైద్యశాలలో సింహాల బల్లలు

ఆ దేవదేవుడికి దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను, వినండమ్మా, వినండయ్యా! ఒకానొక రాజ్యాన్ని రణభీముడనే రాజు ఏలేవాడు. మనసు మంచిదే. డాంబికం మాత్రం కోటగోడంత!

పేదల కోసం ఆయన ధర్మవైద్యశాల కట్టించాడు. "బల్ల మీద కూర్చున్నవారెవరూ మందు పుచ్చుకోకుండా లేవకూడదు!" అని చాటింపు వేయించాడు. టేకుబల్లలు కొనేటప్పుడు మాత్రం, "ఖజానా సొమ్ముతో కొంటున్నాం, నా గుర్తు ఉండొద్దూ?" అని ప్రతి బల్ల మీదా రాజచిహ్నమైన సింహాన్ని ఉబ్బెత్తుగా చెక్కించాడు.

అక్కడే వచ్చింది చిక్కు! సింహం గుర్తున్న ఆసనం మీద రాజు తప్ప ఎవరు కూర్చున్నా కొరడా దెబ్బలే. ఆ రాజ్యంలో అది తాతలనాటి కట్టడి. ఇంకేముంది? బల్లలు నిగనిగలాడుతూ ఖాళీగా ఉన్నాయి. జ్వరాలవాళ్లు, నిండుచూలాళ్లు గోడ పట్టుకుని నిలబడ్డారు. నర్సవ్వ అనే ముసలమ్మ నిలబడలేక కళ్లు తిరిగి పడిపోయింది.

వైద్యురాలు కామాంబ ఆస్థాన విదూషకుడు బొల్లన్న దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, మందు నేనిస్తాను. వాళ్లను కూర్చోబెట్టే దారి నువ్వు చూడు!"

బొల్లన్న కొలువుకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఆ సింహాలను చిత్రిక పట్టించేస్తే..."

"నా సింహాన్ని గీకేస్తావా? నాలుక కోయిస్తాను!"

"పోనీ, కట్టడి సడలించండి."

"తాతల మాట జవదాటను!"

"అయితే తమరే దయచేయాలి ప్రభూ. ఆ బల్లల మీద కూర్చునే హక్కు తమరొక్కరిదే. చూసి తరించాలని జనం కాచుకుని ఉన్నారు."

రాజు ఉబ్బిపోయాడు. మేళతాళాలతో వచ్చి మొదటి బల్ల మీద ఠీవిగా కూర్చున్నాడో లేదో, కామాంబ నేలవేము కషాయం నోటి దగ్గర పెట్టింది.

"ఏమిటిది?"

"ఇది జ్వరాల బల్ల ప్రభూ! కూర్చున్నవారు మందు పుచ్చుకోకుండా లేవకూడదని తమరి ఆజ్ఞే కదా!" అన్నాడు బొల్లన్న.

జనమంతా చూస్తున్నారు. మాట తప్పితే పరువేం కాను? రాజు కళ్లు మూసుకుని గటగటా మింగాడు. అప్పుడాయన మొహం చూడాలి మీరు!

"పక్కది గజ్జి బల్ల, దాని మీదా తమరే కూర్చోవాలి. ఒళ్లంతా వేపముద్ద పూస్తారు. ఆ తర్వాతది పన్ను పీకే బల్ల!" అన్నాడు బొల్లన్న. కామాంబ పట్టుకారు తీసి కొంగుతో తుడిచింది.

రాజు దవడ పట్టుకుని ఎగిరి లేచి, బొల్లన్న ముందే పిలిపించి ఉంచిన వడ్రంగి వైపు తిరిగాడు. "ఒరే వడ్రంగీ! పట్టరా చిత్రిక!"

"మరి తాతల కట్టడి, ప్రభూ?"

"అది సింహం ఉన్న బల్లకు కదరా!"

చిత్రిక ఆడింది, పొట్టు రాలింది. మొదటి బల్ల నున్నబడగానే నర్సవ్వను మోసుకొచ్చి కూర్చోబెట్టారు. చూపు ఆనని ముసలమ్మకు ఎదురుగా ఉన్నదెవరో తెలియదు. కాళ్లు చాపుకుని, "అమ్మయ్య! ఈ బల్ల ఎవడు కొనిపెట్టాడో గానీ, వాడి కడుపు చల్లగుండ!" అంది.

రాజుగారిని పట్టుకుని 'వాడు' అనడమా!

రణభీముడు మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "బొల్లన్నా! భట్రాజులు చదివే బిరుదుల్లో ఇంత తీపి ఏనాడూ లేదురా!" అంటూ తన మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.

ఆ నవ్వు చూసి, వరసలో వణుకుతున్న జ్వరాలవాళ్లు కూడా నవ్వేశారు. మిగతా బల్లలు కూడా నున్నబడుతుంటే అందరూ ఒక్కొక్కరుగా కూర్చున్నారు.