గుమ్మం బయట విన్న హాజరు

సింహాద్రప్పడు మాస్టారికి ఒక పాడలవాటు ఉంది. ఎవరైనా ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. అడ్డాకులు ముందేసుకుని, ఈనెపుల్లలతో విస్తరి కుడుతూ, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. మా ఆవిడైతే "ఆయన దగ్గరికి వెళ్తే వెళ్లిన పని తప్ప అన్నీ అవుతాయి" అంటుంది. విద్యాశాఖలో ఆయన కింద పన్నెండేళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి, నాకీ అలవాటు కొత్త కాదు. కానీ ఆ ఆదివారం ఆయన చెప్పిన సంగతి మాత్రం నాకు కొత్తే. అందులో నా చెయ్యి కూడా ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.

ఆ రోజు వచ్చినవాడు ఉమాకాంతం. మాస్టారి దగ్గరే చదువుకుని, మాస్టారు చేసిన ఉద్యోగంలోకే వచ్చాడు. ఇప్పుడు మా మండలానికి విద్యాధికారి. మనిషి నీరసించి ఉన్నాడు, చేతిలో ఒక జాబితా ఉంది. మండలంలోని డెబ్బై బడులకూ మార్కులు వేసి, వరసలో పెట్టి, అడుగున తేలిన పదకొండింటినీ మూసి పక్క బడుల్లో కలపమని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. రేపు కాక పై సోమవారానికల్లా సంతకం పెట్టి పంపాలి.

"మాస్టారూ, మనసు ఒప్పడం లేదు. అలాగని ఒప్పకపోవడానికి కారణమూ కనబడడం లేదు. పిల్లల సంఖ్య చూశాను, హాజరు చూశాను, ఐదో తరగతి మార్కులు చూశాను. ఇంకేం చూడాలి? అసలు ఒక బడి మంచిదో కాదో ఎలా కొలవాలి?" అన్నాడు.

మాస్టారు ఒక ఆకు తీసి, కండువాతో తుడిచి, ఇంకో ఆకు అంచు మీద ఆనించారు.

"నేనూ ఆ మూడే చూసేవాణ్ణి" అన్నారు.  ఆకుకు పుల్ల గుచ్చుతూ ఎప్పటిలాగే పాత సంగతి మొదలుపెట్టారు.

ఆయన ఆ కుర్చీలో ఉన్న రోజుల్లో కొండ మీద గుమ్మిడివలస అని చిన్న గూడెం ఉండేది. బడికి గది ఒకటే, టీచరు ఒక్కరే. ఆవిడ పేరు సన్యాసమ్మ. భర్త పోయాక ఉద్యోగంలో చేరిన మనిషి. గూడెంలోనే ఓ గుడిసెలో ఉండేది. ఆదివారాలు కూడా కొండ దిగేది కాదు, దిగినా తనవాళ్లంటూ ఎవరూ లేరు గనక. ఆవిడ చేరినప్పుడు బడిలో ముప్పై ఒక్కమంది పిల్లలు. ఏడేళ్లు తిరిగేసరికి ముగ్గురయ్యారు. ఐదో తరగతి మార్కులు చూస్తే ఏటా మండలంలో అట్టడుగు. ఇంకో టీచరును ఇవ్వమని ఆవిడ ఏటా అర్జీ పెట్టేది. మాస్టారు ఏటా ఒకటే జవాబు రాసేవారు: ముందు ఫలితాలు చూపించండి, తర్వాత చూద్దాం. కొండ కింద గురుకులం మాత్రం ఏటా మొదటి స్థానం. దానికి షీల్డు, దాంతోపాటు అడగకుండానే ఇద్దరు కొత్త టీచర్లు. కడుపు నిండినవాడికే మళ్లీ వడ్డించడం మా శాఖకు మొదటినుంచీ ఉన్న గుణం.

చివరికి ఓ రోజు మూసివేత ఉత్తర్వు సంచిలో పెట్టుకుని మాస్టారు గుమ్మిడివలస బయల్దేరారు. ఆ ఉత్తర్వు టైపు కొట్టింది నేనే, రెండు కాపీలు. గెడ్డలో మోకాలి లోతు నీళ్లు దాటి, కొండెక్కి, బడి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల హాజరు పిలుస్తున్నారు. ఆయన బయటే ఆగారు.

"నిమ్మక జయమ్మ."

"ఎల్లిపోనాది టీచర్."

"ఆరిక సుగ్రీవులు."

"ఎల్లిపోనాడు టీచర్."

పేరు తర్వాత పేరు. ఇరవై దాటాయి. దగ్గరదగ్గర ముప్పై అయ్యాయి. వాటి మధ్య ఎక్కడో మూడంటే మూడు "ఉన్నానండీ"లు వినిపించాయి. తొంగి చూస్తే గదిలో ఉన్నది ముగ్గురు పిల్లలు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఇదా సంగతి, దొంగ హాజరా! లేని పిల్లల పేర్లు పుస్తకంలో ఉంచి మధ్యాహ్న భోజనం బియ్యం రాయించుకోవడం మాకు తెలియని విద్య కాదు. అలాంటివి చూసీ చూసీ మా శాఖవాళ్ల కళ్లకు ముందు దొంగే కనిపిస్తాడు. ఆయన విసురుగా లోపలికి వెళ్లి, ఆవిడ చేతిలోంచి రిజిస్టరు లాక్కున్నారు.

రిజిస్టరులో మూడే పేర్లు ఉన్నాయి.

"మరి ఇందాక పిలిచినవో?"

"అవి పుస్తకంలో లేవండి. నోటికొచ్చు" అంది సన్యాసమ్మ.

"లేనివాళ్లను పిలవడం ఎందుకమ్మా?"

ఆవిడ తల దించుకుంది. "ముగ్గురి హాజరు ఇట్టే అయిపోతుంది సార్. ఆ తర్వాత ఈ గదిలో ఉండలేకపోతున్నాను. అందుకని."

పాపం మతి చలించింది కాబోలు అనుకున్నారు మాస్టారు. వెళ్లిపోయినవాళ్లంతా ఎక్కడికి వెళ్లారని అడగలేదు. కూలికి వలస పోయుంటారు, గూడేల్లో మామూలే కదా అని ఆయన లెక్క. సంచిలోంచి ఉత్తర్వు తీసి ఇచ్చారు. ఆవిడ నిలబడే చదివింది. చదివి, ముగ్గురిలో ఒక పిల్లను దగ్గరికి తీసుకుని, "ఈ సుక్కమ్మ గెడ్డ దాటి కింద బడికి రాదండీ. దీని అన్న ఆ గెడ్డలోనే పోయాడు. ఈ ఒక్క ఏడూ ఆగితే దీని పరీక్ష కూడా..." అనబోయింది.

"ఫలితాలేవమ్మా? ఫలితాలు లేకుండా నేనేం చెయ్యను?" అన్నారు మాస్టారు.

ఆవిడ పలకలూ సుద్దముక్కలూ పెట్టెలో సర్ది, తలుపు మూసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

పదిహేను రోజులకు గురుకులంలో వార్షికోత్సవం. మాస్టారే ముఖ్య అతిథి. పేర్లు చదివి బహుమతులు ఇమ్మని జాబితా చేతికిచ్చారు. లెక్కల్లో మొదటి బహుమతి నిమ్మక జయమ్మ. వ్యాసరచనలో ఆరిక సుగ్రీవులు. మూడో పేరు, నాలుగో పేరు చదివేసరికి ఆయన జాబితా దించి ఎదుట నిలబడ్డ పిల్లల వైపు చూశారు. ఆ పేర్లు ఆయన గుమ్మిడివలస బడి గుమ్మం బయట విన్నవే.

"ఏ బడి నుంచి వచ్చావమ్మా?" అని జయమ్మను అడిగారు.

"గుమ్మిడివలస అండీ. సన్యాసమ్మ టీచర్ బడి."

మిగతాది వార్డెను చెప్పింది. నాలుగో తరగతి అయ్యేసరికి ఆవిడ పిల్లలతో గురుకులం పరీక్ష రాయించేదట. సీటు వచ్చిన ప్రతి పిల్లనూ తనే చెయ్యి పట్టుకుని కొండ దింపి, ఇక్కడ అప్పగించి, సాయంత్రానికి ఒక్కర్తీ కొండెక్కి పోయేదట. చిన్న గూడెం, కొత్తగా చేరేవాళ్లు ఏటా ఒకరో ఇద్దరో. సీటు రానివాళ్లు మాత్రం ఐదో తరగతికి మిగిలేవారు. ఏడేళ్లూ మాస్టారు కొలిచింది ఆ మిగిలినవాళ్లనే. ఆవిడ ఎంత బాగా చదువు చెబితే బడి అంత ఖాళీ అయ్యింది.

"మళ్లీ తెరిపించారు కదా?" అన్నాడు ఉమాకాంతం ఆత్రంగా.

"పైకి రాశాను. ముందు పిల్లల సంఖ్య చూపించండి, తర్వాత చూద్దాం అని జవాబొచ్చింది. నా మాటలే నాకు."

ఆ ఏడు చివర్లో, క్షమాపణ చెప్పుకుందామని, ఆవిణ్ణి బదిలీ చేసిన పట్నం బడికి వెళ్లారట. సరిగ్గా హాజరు వేళే. మళ్లీ గుమ్మం బయటే నిలబడ్డారు. అరవై ఇద్దరు పిల్లలు, అరవై రెండు పేర్లు, గది దద్దరిల్లేలా జవాబులు. అన్నీ అయ్యాయి. ఆవిడ రిజిస్టరు మూసేసింది. మూసేశాక ఇంకో పేరు పిలిచింది, మెల్లిగా.

"కడ్రక సుక్కమ్మ."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎల్లిపోనాది అని చెప్పడానికైనా ఆ గదిలో ఎవరూ లేరు. ఆ పిల్ల గెడ్డ దాటలేదని, కొండ మీద మేకలు కాస్తోందని మాస్టారికి తర్వాత తెలిసింది.

"లోపలికి వెళ్లారా మాస్టారూ?" అని అడిగాను నేను.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనయ్యా?" అన్నారు.

నేను తలెత్తలేకపోయాను. ఆ ఫైలు నాకు బాగా తెలుసు, దారం కట్టి బీరువాలో పెట్టింది నేనే. గుమ్మిడివలస, పిల్లలు ముగ్గురు, స్థానం చివరిది. అంతకు మించి అందులో ఒక్క ముక్క లేదు.

ఉమాకాంతం జాబితా విప్పి, ఆ పదకొండు పేర్లూ పైకి చదివాడు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ? చేతిలో ఉన్నది వారం రోజులే."

మాస్టారు విస్తరికి ఆఖరి పుల్ల గుచ్చి పక్కన పెట్టారు.

"రేపు పొద్దున్నే మొదటి బడికి వెళ్లు నాయనా. వెంటనే లోపలికి వెళ్లకు. హాజరు అయ్యేదాకా గుమ్మం బయట నిలబడి, ఎవరు పలకడం లేదో విను."