పాలకంకి రుచి చూసిన చిలుక

దగ్గరికి రండర్రా. వెనకున్నవాళ్ళు చాప మీదికి జరగండి. కాళ్ళు ముడుచుకుంటే ఇంకో నలుగురికి చోటొస్తుంది. ఆఁ, ఇక వినండి.

అనగనగా మణిగిరి అనే రాజ్యం. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికీ నడిపివాడికీ ఓపిక తక్కువ. చిన్నవాడు ఉదయకేతుడికి ధైర్యం తక్కువ. తండ్రి కత్తి తన చేతికిస్తే చాలు, కింద పడేసి పారిపోయేవాడు. "నేనెప్పటికి మనిషినవుతానో!" అని దిగులుపడేవాడు.

ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక మాంత్రికుడు. వాడి దగ్గరొక మాత్ర. అది మింగితే రేపు కావలసిన మనిషి ఇవాళే అయిపోవచ్చట. పెద్దవాడు వెళ్ళి మింగాడు. నడిపివాడు వెళ్ళి మింగాడు. ఇద్దరూ ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళై కర్ర పోటేసుకుంటూ తిరిగొచ్చారు. నడుమ బతకాల్సిన ఏళ్ళన్నీ మాంత్రికుడు కాజేశాడు!

రాజు బెంగతో మంచం పట్టాడు. అన్నల ఏళ్ళు తిరిగి తేవడానికి ఉదయకేతుడు బయల్దేరాడు. భయపడుతూనే బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వాణ్ణి వీపున ఎక్కించుకుంది.

"తాబేలు తాతా, కాస్త గబగబా పోరాదూ?"

"పోవచ్చు నాయనా. నువ్వే మునుగుతావు."

సముద్రం తరవాత సముద్రం, ఏడూ దాటి దీవి చేరారు. అక్కడ మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి కనకాంగి ఎదురైంది.

"ఏం రాజుగారబ్బాయీ, నువ్వూ ముసలాడివైపోదామని వచ్చావా?"

"కాదమ్మా, అన్నల ఏళ్ళ కోసం వచ్చాను."

కనకాంగి గొంతు తగ్గించింది. "వాడి ప్రాణం ఆ గుట్టమీది చిలుకలో ఉంది. పంజరానికి తలుపు లేదు, వాకిలి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చిలుక గడప దాటితే వాడు చచ్చాడన్నమాటే. కానీ పట్టి లాగినవాళ్ళు రాళ్ళైపోయారు. అది తనంతట తానే రావాలి."

"మరి ఎందుకు రాదు?"

"ఏముందని వస్తుంది? వాడు మంత్రమేస్తే విత్తు పడ్డ క్షణంలోనే కంకి పండి ఎండిపోతుంది. అన్నీ రాళ్ళలాంటి గింజలే. గింజలో పాలు పోసుకున్న లేత జొన్న కంకిని ఆ చిలుక పుట్టి ఎరగదు. నా కొంగున విత్తనాలున్నాయి. ఒక్కదాన్నే నాగలి లాగలేకపోయాను. నీకు దున్నడం వచ్చా?"

"రాదు."

"నేర్చుకో మరి!"

వేసవిలో దున్నారు. ఉదయకేతుడి చేతులు బొబ్బలెక్కాయి. మాంత్రికుడు వచ్చి నవ్వాడు. "ఎందుకురా ఈ అవస్థ? ఒక్క మాత్ర!"

"ఇవాళ వద్దులే."

తొలకరికి విత్తారు. మొలకలొచ్చాయి. అంతలో వాన మొహం చాటేసింది. మొలకలన్నీ మాడిపోయాయి. ఉదయకేతుడు గట్టున కూలబడ్డాడు. మాంత్రికుడు మళ్ళీ వచ్చాడు. "ఒక్క మాత్ర!" ఉదయకేతుడు చెయ్యి చాచాడు కూడా!

"సగం విత్తనాలు దాచాను. లే, మళ్ళీ చల్లుదాం" అంది కనకాంగి.

చాచిన చెయ్యి అటు తిప్పి విత్తనాలు పట్టాడు. ఈసారి వానలు సరిగ్గా పడ్డాయి.

చలి మొదలయ్యేసరికి పైరు కంకి వేసింది. ఉదయకేతుడు మంచెనెక్కి వడిసెల తిప్పుతూ పిట్టల్ని తోలుతున్నాడు. మాంత్రికుడు మూడోసారి వచ్చాడు. "ఒక్క మాత్ర!"

"అడ్డు తప్పుకోవయ్యా, పిట్టలు పడుతున్నాయి!" అని కసిరాడు. కసిరాక గాని తెలియలేదు, తనకి భయమెయ్యలేదని.

ఆ పొద్దే ఒక కంకి విరిచి పంజరం ముందు పెట్టాడు.

చిలుక మెడ చాచింది. "ఏమిటిది, తియ్యని వాసనేస్తోంది?"

"పాలకంకి. రేపటికి ముదిరిపోతుంది. తింటే ఇవాళే తినాలి."

చిలుక ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. మూడో అడుగు గడప దాటింది. అవతల మాంత్రికుడు దబ్బున కూలాడు, మరి లేవలేదు. చిలుక మాత్రం తల ఎత్తకుండా కంకి తింటూనే ఉంది!

ఆ క్షణమే మణిగిరిలో అన్నల తెల్లగడ్డాలు నల్లబడ్డాయి. కర్రలు పారేసి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గంతులేశారు. అది చూసి రాజు "అమ్మయ్య!" అని, ఇన్ని నెలల తరవాత కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాడు.

తాబేలు వీపు మీదే మణిగిరికి తిరిగొచ్చాక ఉదయకేతుడికీ కనకాంగికీ పెళ్ళైంది. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనమెక్కించారు. ఆ దంపతులు చాలాకాలం చల్లగా ఏలారు. మొలకలు మాడిన రైతు ఎవరొచ్చినా, రాజే లేచి ఎదురెళ్ళేవాడు.

ఇక లేవండర్రా. మీ అమ్మలు పిలుస్తున్నారు. వేడివేడిగా అన్నం తినండి, పొండి!