నల్లగుట్ట చొప్ప వామి

నల్లగుట్ట అడవిలో బర్రెలు, మేకలు, పందులు, చిలుకలు, ఒక ముసలి ఏనుగు ఉండేవి. బర్రెల మందకు పెద్ద వీరభూపతి అనే దున్నపోతు. అబ్బో, దాని దర్జా చూడాలి! బురదలో పొర్లి లేచినా తల మాత్రం దించేది కాదు.

ప్రతి వేసవిలో ఏటి అవతల నుంచి నక్క తెప్ప మీద గడ్డి తెచ్చేది. పోయిన వేసవిలో అది చేతులెత్తేసింది. కాటుక అనే బర్రెకు పాలు ఎండిపోయాయి. దాని దూడ ఆకలికి చచ్చిపోయింది.

ఇప్పుడు కాటుక మళ్ళీ కడుపుతో ఉంది. సింగారి అనే మేక దగ్గరికి వెళ్ళి భోరుమంది.

"వదినా, ఈ దూడైనా నాకు దక్కుతుందా?"

"ఎందుకు దక్కదు? నక్క కోసం ఎదురుచూపులు మానేద్దాం. గుట్ట కింద మనమే జొన్న వేద్దాం," అంది సింగారి.

"మేక చేసే వ్యవసాయమా! నక్క వస్తుందిలే," అని వీరభూపతి పగలబడి నవ్వింది.

సింగారి ఆ నవ్వును పట్టించుకోలేదు. వానలు పడగానే పందులు నేల తవ్వాయి. చిలుకలు విత్తనాలు తెచ్చి చల్లాయి. మంద పేడ వేసింది.

"కంకులు చిలుకలవి, రాలిన గింజ పందులది, చొప్ప మందది. ఏనుగు తాతా, మోసినందుకు నీకూ చొప్పలో వాటా ఉంది. గింజ ముదరకముందే ఎవరైనా ముక్కు పెట్టారో, జాగ్రత్త!" అని సింగారి ముందే తేల్చి చెప్పింది. ఎవరి వాటా వాళ్ళకు ఉంది కాబట్టి ఎవరూ పని ఎగ్గొట్టలేదు.

పంట చేతికొచ్చింది. ఏనుగు చొప్ప కోసి, ఎండాక మోసుకొచ్చి, ఇల్లంత వామి వేసింది.

కోసిన మోళ్ళకు కొన్నాళ్ళలో పచ్చటి పిలకలు వచ్చాయి. వాన చుక్క లేక అవి జానెడు కూడా ఎదగలేదు. అయినా వాటిని చూసి వీరభూపతికి నోరూరింది.

"ఎండు చొప్ప మీరే నమలండి! కాటుకా, నువ్వూ రా. ఈ పచ్చిది మేస్తే పాలు ధారగా వస్తాయి."

కాటుక ఆశగా కదిలింది. సింగారి కొమ్ములు వంచి అడ్డం నిలబడింది.

"వద్దు వదినా! నీరందక బెట్టకొచ్చిన పిలకల్లో నాము ఉంటుంది. అది విషం! మామా, నువ్వూ ముట్టకు!"

"నాకే చెబుతావా?" అంటూ వీరభూపతి నాలుగు బుక్కలు మేసింది. అంతే, కాళ్ళు వణికి, నోట నురగ వచ్చి దబ్బున పడింది. ఏనుగు దాన్ని పక్కకు ఈడ్చేసింది. మేసింది కొంచెమే కాబట్టి ఎలాగో బతికి బట్టకట్టింది. ఆ రోజు నుంచి మంద దాని మాట వినడం మానేసి, సింగారి మాట వినసాగింది.

వేసవి వచ్చింది. ఈసారి నక్క ఉత్త తెప్పతో వచ్చి, "మా ఒడ్డున పశువులకు మేత లేదు, నాలుగు మోపులు ఇస్తారా?" అని అడిగింది. సింగారి దర్జాగా ఇప్పించింది.

కాటుక ఈనింది. దూడ కడుపునిండా పాలు తాగి, వామి దగ్గర ఎండు చొప్ప నములుతున్న వీరభూపతి దగ్గరికి గెంతుతూ వచ్చింది.

"తాతా, నువ్వు పచ్చిది తినవా?"

వీరభూపతి మొదటిసారి తల దించింది.

"వద్దురా నాయనా! ఈ వామి చల్లగా ఉంటే చాలు."

నీతి: నలుగురూ కలిసి సొంత నేల మీద పండించుకున్న మేతే కరువులో ఆదుకుంటుంది, గర్వంతో తెలిసినవాళ్ళ మాట పెడచెవిన పెడితే ఆ మేతే విషమవుతుంది.