గానుగ చుట్టూ నూరు చుట్లు

అనగనగా ఒక ఊరు. ఎప్పటి మాటంటే, ఎద్దులు ఇంకా మనుషులతో మాట్లాడుతున్నప్పటి మాట. తరవాత అవి మానేశాయి. వినేవాళ్ళు లేకపోతే ఎవరు మాత్రం ఎంతకాలం మాట్లాడతారు?

ఆ ఊరి పేరు నువ్వులవలస. అక్కడ గవరయ్య అనే గానుగవాడు ఉండేవాడు. అతని భార్య అచ్చాయమ్మ, తల్లి సూరమ్మ, ఎద్దు డోలన్న. ఇంట్లో లెక్కకు నలుగురు. డోలన్నను ఎద్దుగా కాక ఇంటి పెద్దకొడుకుగా చూసేవారు.

గానుగంటే పెద్ద రాతి రోలు, అందులో నిలువెత్తు చెక్క రోకలి, రోకలికి కట్టిన దూలం. దూలాన్ని ఎద్దు గుండ్రంగా లాగుతుంటే రోట్లో నువ్వులు నలిగి నూనె దిగుతుంది. నూనె పోగా మిగిలేది తెలకపిండి. అది ఎద్దుకు దాణా, మనుషులకు కూర.

ఒక ఏడాది దీపావళి వెళ్ళగానే గవరయ్య కొత్త గానుగ పెట్టాడు. పక్కవీధి చిట్టినాయుడు తన గానుగ పెట్టిన రోజున యాభై మందికి భోజనం పెట్టాడు.

"వాడు యాభై మందికి పెడితే నేను ఐదువందల మందికి పెడతా" అన్నాడు గవరయ్య. అప్పుడు అతని చేతిలో ఉన్నవి ఐదు రూకలు.

మిగతాది షావుకారు కోటిలింగం దగ్గర అప్పు తెచ్చాడు. విస్తరికి మూడు లడ్డూలు వేయించాడు. తిన్నవాళ్ళలో నలుగురు లడ్డూలో యాలకులు తక్కువయ్యాయన్నారు. మిగిలినవాళ్ళు ఆ మాటైనా అనకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

విస్తళ్ళు ఎత్తేశాక షావుకారు పత్రం చదివి వినిపించాడు. "అసలూ వడ్డీ కలిపి నూట ఇరవై రూకలు. వచ్చే దీపావళి నాడు పొద్దుగుంకే లోపల చివరి రూక దాకా తీరాలి. అంతవరకు గానుగలో దిగిన నూనె గవరయ్యది. తీరకపోతే గానుగా, ఎద్దూ నావి."

మూలన నెమరేస్తున్న డోలన్న నోరు ఆగిపోయింది.

"ఏమయ్యా గవరయ్యా, లడ్డూలు తిన్నది ఊరు. పోయేది నేనా?"

గవరయ్య తల ఎత్తలేకపోయాడు. ఎందుకంటే షావుకారు కొట్టం సంగతి ఊరందరికీ తెలుసు. ఆ దేశంలో అమావాస్య నాడు ఎద్దుకు కాడి వెయ్యరు. నెలకు ఆ ఒక్కరోజు దానికి సెలవు. షావుకారు మూడు గానుగల్లోనూ ఎద్దులకు ఆ సెలవు లేదు. వాటి మెడలు చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది.

మర్నాటి నుంచి అచ్చాయమ్మ కొంగు బిగించింది. ఆదివారం తెలకపిండి కూర. సోమవారం తెలకపిండి పొడి. మంగళవారం తెలకపిండి వడియాల పులుసు. బుధవారం "ఇవాళ మార్పు" అంటూ మళ్ళీ ఆదివారం కూర. చింతపండు పులుసు తీశాక పిప్పితో చెంబులు తోమేది. దీపం భోజనాల దాకానే వెలిగేది. నూనె ఆడే ఇంట్లో చీకటేమిటని సూరమ్మ సణిగితే, "నూనె అమ్మేవాళ్ళం అత్తా, కాల్చేవాళ్ళం కాదు" అనేది.

డోలన్న తన తొట్టిలోకి చూసుకుని అన్నాడు. "నా దాణా ఎటు పోతోందో కనిపెడుతూనే ఉన్నాను. ఇంకో రెండు నెలలు ఇలాగే తింటే మీరంతా అంబా అంటారు."

నెలనెలా పౌర్ణమికి షావుకారు వసూలుకు వచ్చేవాడు. బాకీ తరిగేకొద్దీ ఆయన మొహం కూడా తరిగేది. ఆయనకు కావలసింది రూకలు కాదు, గానుగ. ఈ ఇంట్లో ఇంకో ఖర్చు పెట్టిస్తే తప్ప అది చేతికి రాదు. అందుకని ఒక పౌర్ణమికి జరీ ఉత్తరీయం ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు.

"ఏరా గవరయ్యా, నీ భుజానికి ఇది ఎంత నప్పుతుందిరా! తీసుకో. ఇప్పుడెవడు డబ్బడిగాడు? పత్రంలో ఓ ముక్క కలుపుకుంటా, అంతే."

గవరయ్య చెయ్యి అప్పటికే జరీ అంచును తడుముతోంది. వద్దంటే మొగుడు చిన్నబుచ్చుకుంటాడు, సరేనంటే ఎద్దు పోతుంది. ఏం చెయ్యాలో అచ్చాయమ్మకు తోచలేదు. తోచింది డోలన్నకే.

"నేనూ రోజూ పొద్దున్నే ఎదురింటి గడ్డివాము కావాలనుకుంటూ బయలుదేరతాను. నూరు చుట్లు తిరిగేసరికి గుక్కెడు నీళ్ళు చాలనిపిస్తుంది. నువ్వూ తిరిగి చూడు గవరయ్యా. నూరయ్యాక కూడా కావాలనిపిస్తే కొనుక్కో."

గవరయ్య దూలం పట్టాడు. మొదటి ఇరవై చుట్లు ఉత్తరీయం వేసుకుని చిట్టినాయుడి వీధిలో తిరిగినట్టే ఉంది. నలభైకి ఉక్కపోసింది. అరవైకి జరీ మీద నూనె మరక పడితే పోతుందా పోదా అని అనుమానం వచ్చింది. ఎనభైకి పోదని తేలిపోయింది. నూరయ్యాక భుజం మీది పాత తువ్వాలుతో మొహం తుడుచుకుని, "దీని పని అది చెయ్యగలదా?" అన్నాడు. షావుకారు ఉత్తరీయం మడతపెట్టుకున్నాడు. రోట్లో ఒక వాయి నూనె దిగింది కూడా.

ఆ రోజు నుంచి అదే ఇంటి చట్టం. ఎవరికి ఏది కావాలన్నా ముందు నూరు చుట్లు.

మళ్ళీ పౌర్ణమికి షావుకారు సూరమ్మ ముందు వెండి పొడుం డబ్బీ పెట్టాడు. ఆమె కళ్ళు మెరిశాయి. "నేను దూలం మీద కూర్చుంటాను, డోలన్న తిప్పుతాడు" అంది.

"కూర్చుంటే లెక్కలోకి రాదు మామ్మా" అన్నాడు డోలన్న.

సూరమ్మ కర్ర పొడుచుకుంటూ దూలం వెంట నడిచింది. రోజుకు ముప్పై చుట్లు. మూడో రోజు మధ్యలో ఆగి, "ఏమే కోడలా, నేను దేనికోసం తిరుగుతున్నానే?" అని అడిగింది.

అచ్చాయమ్మ నిజాయితీపరురాలు. "వెండి పొడుం డబ్బీ కోసం అత్తా" అని గుర్తుచేసింది.

"దానికా! పొడుం అందులో వేస్తే ఘాటు పెరుగుతుందా ఏమన్నానా?" అని సూరమ్మ వచ్చి అరుగు మీద కూలబడింది.

మూడోసారి షావుకారు కెంపుల కమ్మలు తెచ్చి అచ్చాయమ్మకే చూపించాడు. ఇంటి చట్టం ఆమెకు మాత్రం లేదా? ఆమె కూడా తిరిగింది. నూరో చుట్టు అయ్యాక అక్కడే నిలబడిపోయింది.

"ఏమైందే?" అన్నాడు గవరయ్య భయంగా.

"కమ్మలు ముప్పయ్యో చుట్టుకే పోయాయయ్యా. కానీ మధ్యలో ఇంకోటి తగులుకుంది. నూరు దాటినా వదలడం లేదు."

"ఏమిటది?"

"గుత్తొంకాయ కూర" అని అచ్చాయమ్మ ఏడ్చేసింది.

చట్టం చట్టమే. నూరు చుట్లకు నిలిచిన కోరిక అది. గవరయ్య పరుగున వెళ్ళి దమ్మిడీకి లేత వంకాయలు తెచ్చాడు. ఆ పూట సూరమ్మ మూడుసార్లు అన్నం కలిపింది. తొడిమలు డోలన్నకు పెట్టారు. ఆ ఇంట్లో అంత సంతోషంగా ఐదువందల మంది భోజనం నాడు కూడా ఎవరూ తినలేదు.

అలా ఏడాది గడిచింది. దీపావళి వచ్చింది. నూట ఇరవై రూకల్లో కొద్దిపాటి బాకీ మిగిలింది. ఊరంతా ఆ రోజే దీపాల నూనె కొంటుంది కనుక రెండు మూడు వాయిలు ఆడితే తీరిపోతుంది. కానీ దీపావళి అమావాస్య. డోలన్నకు సెలవు.

డోలన్న తనే లేచి దూలం దగ్గరికి వచ్చాడు. "ఈ ఒక్కసారికి కాడి వెయ్యి గవరయ్యా. నేనేమీ అనుకోను."

గవరయ్య డోలన్న మెడ నిమిరాడు. "నా గొప్ప కోసం నిన్ను తాకట్టు పెట్టాను. నీ సెలవు కూడా వాడుకుంటే ఇక నాకూ ఆ షావుకారుకూ తేడా ఏముంది? పోయి పడుకో."

భార్యాభర్తలే దూలం పట్టారు. సూరమ్మ బరువు కోసం దూలం మీద కూర్చుంది. ఈసారి కూర్చోవడమే పని కావడం ఆమెకు భలే నచ్చింది. మధ్యాహ్నానికి గవరయ్య నడుం పట్టేసింది. ఇంకో వాయి లాగేసరికి అచ్చాయమ్మ కాళ్ళు మొరాయించాయి. మిగిలిన బాకీ మూడు రూకలు. రోట్లో పోసి ఉన్న ఆఖరి వాయి ధర మూడు రూకలు. తిప్పేవాళ్ళు లేరు.

నూనె కోసం చెంబులతో వచ్చినవాళ్ళు వాకిట్లో వరస కట్టి ఉన్నారు. అందరూ ఆ లడ్డూలు తిన్నవాళ్ళే. కొత్త బట్టలకు జిడ్డు అంటుతుందని ఒక్కరూ దూలం వంక చూడలేదు.

అంతలో షావుకారు పలుపుతాడు తీసుకుని దిగబడ్డాడు. గానుగ చుట్టూ తిరిగి రోలు నిమిరాడు, డోలన్న వీపు తట్టాడు. "ఇంకో రెండు గడియల్లో పొద్దుగుంకుతుంది. ఇది నాకు కావాలి, ఇదీ కావాలి."

"మా ఇంట్లో ఎవరికి ఏది కావాలన్నా నూరు చుట్లు తిరగాలి షావుకారు గారూ" అంది అచ్చాయమ్మ నీరసంగా. "మేమందరం తిరిగాం."

"వద్దులే అమ్మా, ఆయన వల్ల కాదు" అన్నాడు పడుకున్న డోలన్న. "ఆయనది నూరు చుట్లకు నిలిచే కోరిక కాదు."

షావుకారుకు రోషం పొడుచుకొచ్చింది. "నాదా? వెయ్యి చుట్లకైనా చెక్కుచెదరదు!" అంటూ రోట్లోకి తొంగిచూశాడు. నిండా నువ్వులు. నేను నింపాదిగా తిరిగితే నూనె దిగేసరికి పొద్దుగుంకుతుంది, గానుగతో పాటు నూనె కూడా నాదే అనుకున్నాడు.

అచ్చాయమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "బాగా ఆలోచించుకోండి. పొద్దుండగా దిగిన నూనె మాది. పత్రంలో మీరే రాశారు."

"రాసినవాడికే చెప్పొచ్చావా?" అని షావుకారు చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి దూలం పట్టాడు.

నింపాదిగా తిరగాలనే మొదలుపెట్టాడు పాపం. కానీ వాకిట్లో జనం ఊరుకుంటారా? "ఒకటీ! రెండూ! మూడూ!" అని చప్పట్లు కొట్టి లెక్కపెట్టారు. పదిమంది చూస్తుంటే ఆయనకు ఊపొచ్చింది. పొట్ట దూలానికి ఆనించి నెడుతుంటే, ఆ బరువుకు నూనె ఎన్నడూ లేనంత ధారగా దిగింది.

డోలన్న నెమరేస్తూ మెళకువలు చెప్పాడు. "తల కొంచెం వంచండి. ముక్కుతో ఊపిరి తియ్యండి. మెడలో గంట కట్టమంటారా?"

ఇరవై చుట్లకు ఆయన నాలుగు గానుగల లాభం లెక్కగట్టాడు. యాభైకి తన కొట్టంలో ఎద్దులు ఇవాళ కూడా ఇలాగే తిరుగుతున్నాయని గుర్తొచ్చింది. ఎనభైకి ఇంకేమీ గుర్తురాలేదు. నూరో చుట్టుకు దూలం వదిలి ఉన్నచోటే చతికిలబడ్డాడు.

అచ్చాయమ్మ వంగి అడిగింది. "ఇప్పుడు చెప్పండి షావుకారు గారూ, ఏం కావాలి?"

"మజ్జిగ."

"మరి గానుగో?"

"దాన్ని నా కంటికి కనపడనివ్వకు తల్లీ!"

ఆయన రెండు చెంబుల మజ్జిగ తాగేలోపల జనం నూనె పోయించుకుని డబ్బులిచ్చేశారు. గవరయ్య నడుం పట్టుకుని వచ్చి ఆయన అరచేతిలో మూడు రూకలు పెట్టాడు. సూర్యుడు ఇంకా తాటిచెట్ల మీద బారెడు ఎత్తున ఉన్నాడు.

షావుకారు ఉలిక్కిపడ్డాడు. "ఆగండాగండి! ఆ నూనె ఆడింది నేను. ఈ మూడు రూకలు నావి!"

"మీవే షావుకారు గారూ" అంది అచ్చాయమ్మ. "అందుకేగా మీకే ఇచ్చాం."

వాకిలంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక అచ్చాయమ్మ ఒక దమ్మిడీ కూడా తెచ్చి ఇచ్చింది. "ఇది నూరు చుట్లకు కూలి. మా ఇంట్లో ఎవరిచేతా ఊరికే పని చేయించుకోం. భోంచేసి వెళ్ళండి."

ఆ పూట తెలకపిండి కూర. షావుకారు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పత్రం తిరిగి ఇచ్చేశాడు. ఇంటికి పోయి తన ఎద్దుల కాడి విప్పించాడు. జాలితో విప్పించాడో, ఎప్పటికైనా తననే కడతారని భయపడ్డాడో, ఆ తరవాత అమావాస్యలకు ఆయన కొట్టంలో గానుగ తిరగలేదు.

పొద్దుగుంకింది. సూరమ్మ ఆ నూనెతోనే మొదటి దీపం వెలిగించి, పత్రాన్ని దాని మీద పట్టింది. అది కాలిపోతుంటే గవరయ్యకు ఏడాది బరువు దిగినట్టయింది. సంతోషం పట్టలేక చేతులు చాపి అన్నాడు. "అప్పు తీరిపోయింది! ఈ సందర్భంగా ఊరందరికీ భోజనం పెట్టి..."

డోలన్న మెల్లగా లేచి, దూలం పక్కన కాస్త చోటు ఇచ్చి నిలబడ్డాడు.

"రా గవరయ్యా" అన్నాడు. "ఇద్దరికీ చోటుంది."

పిల్లలూ, మనసుకు ఏదైనా కావాలనిపించగానే చెయ్యి చాపకండి. నూరు చుట్లు తిరిగాక కూడా కావాలనిపించినదే మనకు నిజంగా కావలసినది, అది తెలిసిన ఇంట్లో అప్పు ఎక్కువకాలం కాపురం చెయ్యలేదు.