రెండు తుపాకులు, ఒక రేగుపండు

ఏ తుపాకి తీసుకెళ్ళాలి? వారం రోజులుగా నరహరికి ఇదే ధ్యాస.

అతని దగ్గర పెద్ద జంతువుల్ని కొట్టే తుపాకులు రెండున్నాయి. రెండింటికీ లైసెన్సు ఉంది. ఒకటి మేనమామ ఇచ్చిన త్రీ సెవెంటీఫైవ్ మాగ్నం. రెండోది ఈమధ్యే హైదరాబాదు వెళ్ళి కొనుక్కొచ్చిన త్రీ థర్టీఎయిట్ మాగ్నం.

వేట మీద ఇంకా నిషేధం రాని రోజులవి. పాల్వంచ అడవిలో ఒక అడవిదున్న మనుషుల మీద పడుతోంది. ఎవరో పట్నం వేటగాడు సరిగ్గా కొట్టలేక, దాని భుజంలో తూటా వదిలేసి జీపెక్కి పోయాడు. ఆ పుండు సలుపుతుంటే అది కనిపించినవాళ్ళనల్లా తరుముతోంది. దాన్ని కాల్చమని అటవీశాఖ పేరుమోసిన వేటగాడు దస్తగీర్ సాహెబ్‌కు అనుమతి ఇచ్చింది. తోడుగా ఒక శిష్యుణ్ణి తీసుకెళ్ళవచ్చు. ఆయన నరహరి పేరు రాయించాడు.

"మొదటి దెబ్బ నీదే," అని కూడా అన్నాడు.

అప్పటినుంచీ నరహరికి కాలు ఒకచోట నిలవడం లేదు.

దస్తగీర్ సాహెబ్ శిష్యులకు ఒక నియమం ఉంది. జంతువును గాయపరిచి వదిలినవాడు దాని వెంట కాలినడకన తానే పోవాలి. అది పడేదాకా అన్నం ముట్టకూడదు.

ఆ పొద్దున నరహరి రెండు తుపాకులూ, రెండు తూటాల పెట్టెలూ పట్టుకుని ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. పెరట్లో రేగుచెట్టు పక్కన మంచం మీద దస్తగీర్ సాహెబ్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నేలమీద ముత్తయ్య పటేల్ గొంతుక్కూర్చున్నాడు. దున్న తిరుగుతున్న కోయగూడేనికి పెద్ద అతను.

"ఇప్పపూలు రాలబట్టినయి దొరా," అంటున్నాడు పటేల్. "ఆడోళ్ళు అడుగు బయట పెడ్తలేరు. ఈ పూలు పోతే ఏడాదంతా ఏం తిందుం?"

నరహరి ఆగలేకపోయాడు.

"ఉస్తాద్, ముందు ఇది తేల్చాలి. త్రీ సెవెంటీఫైవ్ గుండు బరువు మూడువందల గ్రెయిన్లు. లావు కూడా. పెద్ద గాయం చేస్తుంది. త్రీ థర్టీఎయిట్ గుండు రెండువందల యాభైయే, కానీ వేగం ఎక్కువ. సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఎముక చీల్చుకుని లోతుకు దిగుతుంది. దూరం పోయినా అంతగా కిందికి వాలదు."

"ఊఁ."

"దున్న భుజం ఎముక మామూలుది కాదు. అక్కడ బరువు గెలుస్తుందా, వేగం గెలుస్తుందా? రాత్రంతా లెక్కలేశాను. ఇదిగో చూడండి." నరహరి పుల్ల తీసుకుని నేలమీద గీతలు గీయసాగాడు. ఇది ఈ గుండు పోయే దారి, అది ఆ గుండు పోయే దారి.

వంటింటి గుమ్మంలోంచి ఉస్తాద్ భార్య బీబమ్మ అంది. "బాబూ, ఆ గీతలు మా కోళ్ళు ఎక్కువసేపు ఉంచవు. తొందరగా చెప్పు."

పటేల్ ఆ గీతల్ని కాసేపు చూశాడు. "దొరా, ఈ రెండిట్ల ఏది తగిలినా దున్న సస్తదా?"

"చస్తుంది. సరైన చోట తగిలితే."

"మరి పంచాయితేంది?"

"అది నీకు అర్థం కాదులే పటేల్!"

దస్తగీర్ సాహెబ్ మంచం మీంచి లేచాడు. "నాకూ అర్థం కావట్లేదు. పద బేటా. పోల్చి చూద్దాం."

ఇంటి వెనక ఎర్రమట్టి గట్టుంది. ఉస్తాద్ దాని వెనక్కి వెళ్ళి, ఎవరూ లేరని తన కళ్ళతో చూసుకుని వచ్చాడు. మేకల్ని కట్టేయమని బీబమ్మను కేకేశాడు. ఆమె "కట్టేశా" అన్నా మళ్ళీ వెళ్ళి చూశాడు. తర్వాత గట్టుకు ఒక చెక్క ఆనించి, బొగ్గుతో కొబ్బరికాయంత సున్నా గీశాడు.

"తూటా నేను పెడతాను. నువ్వు కాల్చు."

అటు తిరిగి త్రీ సెవెంటీఫైవ్‌లో తూటా పెట్టి అందించాడు. నరహరి కాల్చాడు. పెరడు అదిరింది. గుండు సున్నాకు జానెడు కింద, ఎడమగా దిగింది.

త్రీ థర్టీఎయిట్ అందించాడు. మళ్ళీ చెవులు దిబ్బడేసే మోత. మళ్ళీ కిందికే, ఎడమకే.

"చూశారా!" నరహరి ముఖం వెలిగిపోతోంది. "ఇది కొంచెం దగ్గరగా పడింది. వేగం ఉస్తాద్, వేగం! ఇంకోసారి పోల్చాలి."

"పోల్చుదాం."

ఉస్తాద్ మళ్ళీ అటు తిరిగాడు. త్రీ సెవెంటీఫైవ్ ఇచ్చాడు. నరహరి ఊపిరి బిగబట్టి గురిచూసి మీట నొక్కాడు.

టక్.

మోత లేదు. పొగ లేదు. కానీ తుపాకి గొట్టం గింజ పొడిచే కోడిలా చటుక్కున కిందికి వంగింది. రాని మోతకు బెదిరి నరహరి భుజం ముందుకు తోసుకొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ తనను చూస్తున్నారు.

ఉస్తాద్ తుపాకి తీసుకుని బోల్టు లాగాడు. ఇందాక కాల్చేసిన ఖాళీ డొల్ల మట్టిలో పడింది. త్రీ థర్టీఎయిట్ అందించాడు.

ఈసారి నరహరి పళ్ళు బిగించి నిలబడ్డాడు. లోపల తూటా ఉందో, డొల్లే ఉందో? మీట నొక్కాడు.

టక్. గొట్టం మళ్ళీ వంగింది.

"పోల్చి చూశాం బేటా," అన్నాడు దస్తగీర్ సాహెబ్. "రెండూ సమానమే."

పటేల్‌కు నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది.

"దొరా," అన్నాడు మెల్లగా. "మొన్న పొడిచింది నా తమ్ముణ్ణి. తొడ చీరింది. బతుకుతడో లేదో. దాని ఒంట్ల ఇంకో తూటా పెట్టి ఇడిసిపెడితే మేం ఏడికి పోవాలె?"

నరహరి మట్టిలోని డొల్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

"మొదటి దెబ్బ మీరే కొట్టండి ఉస్తాద్."

ఉస్తాద్ తుపాకి బోల్టు తెరిచి లోపల ఏమీ లేదని అతనికి చూపించి, మూసి, చేతికిచ్చాడు. చెట్టునుంచి ఒక రేగుపండు కోసి గొట్టం చివర నిలబెట్టాడు.

"కాల్చు."

టక్. పండు దొర్లి కిందపడింది. కోడి పరుగెత్తుకొచ్చి ముక్కున కరుచుకుపోయింది.

"పడిన పండు కోడికి. నిలిచిన పండు నీకు," అన్నాడు ఉస్తాద్.

ఆ రోజంతా నరహరి ఒక్క పండు కూడా తినలేదు. మర్నాడూ అంతే. బీబమ్మ గింజల బుట్ట లోపల పెట్టేసింది. "నువ్వున్నన్నాళ్ళూ వీటికి నేను మేత వేయక్కర్లేదు బాబూ," అంది. కోళ్ళు కూడా నరహరిని చూస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేసేవి.

అతను నొక్కుతూనే ఉన్నాడు. భుజం నొప్పి పుట్టింది. గుండు బరువులూ వేగాలూ ఎప్పుడు మనసులోంచి జారిపోయాయో అతనికే తెలియదు. కళ్ళముందు పండు ఒక్కటే మిగిలింది. ఒక సాయంత్రం టక్‌మంది, పండు ఉన్నచోటే ఉంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఉంది. కోళ్ళు మెడలు సాచి ఎదురుచూస్తున్నాయి.

"ఉస్తాద్! నిలిచింది! బీబమ్మా, చూశారా, నిలిచింది!"

పండు తీసుకోబోయాడు. ఉస్తాద్ ముందే అందుకుని జేబులో వేసుకున్నాడు.

"నిలిస్తే నాదన్నారుగా!"

"ఇంట్లో నిలిచింది."

మర్నాడు తెల్లవారేసరికి పటేల్‌తో కలిసి ముగ్గురూ అడవిలో వాగు ఒడ్డున బండ వెనక ఉన్నారు. నరహరి రెండు తుపాకులూ తెచ్చాడు. ఏది కావాలని ఉస్తాద్ అడగలేదు. చేతికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకున్నాడు. తన తుపాకి నింపి ఒళ్ళో పెట్టుకుని, నరహరి తుపాకితో అటు తిరిగాడు. బోల్టు మూసిన చప్పుడు వినిపించింది.

తుపాకి నరహరి చేతికొచ్చింది.

"తూటా ఉందా ఉస్తాద్?" గుసగుసగా అడిగాడు.

"ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా కాలుస్తావా?"

అవతలి ఒడ్డున వెదురు కదిలింది. పటేల్ నరహరి మోచేతిని ఒక్కసారి నొక్కి వదిలేశాడు.

దున్న బయటికొచ్చింది. నల్లటి కొండలా ఉంది. భుజం మీద పుండు చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. తల ఎత్తి గాలి పీల్చింది. సరిగ్గా బండవైపే తిరిగి చూసి, ముందుకాలితో నేల గోకింది. నీళ్ళలోకి ఒక అడుగు వేసింది. ఇంకొకటి. ఆగి, కొంచెం పక్కకు తిరిగింది.

నరహరికి గొట్టం చివర రేగుపండు ఉన్నట్టే అనిపించింది.

మోత వాగంతా పాకింది. ఆ మోతలోనూ అతని కళ్ళు తెరిచే ఉన్నాయి. దున్న భుజం వెనక దుమ్ము లేవడం చూశాడు. అది మోకాళ్ళ మీద కూలడం చూశాడు. లేవబోయింది. లేవలేకపోయింది. వాగు నీళ్ళు దాని ముట్టెను తాకుతూ పోతున్నాయి.

ఉస్తాద్ ఎక్కుపెట్టిన తన తుపాకిని చాలాసేపటికిగానీ దించలేదు.

పటేల్ బండెక్కి కేకపెట్టాడు. గూడెం వైపునుంచి బదులుకేకలు వచ్చాయి. కాసేపట్లో ఒడ్డంతా మనుషులు. ఆడవాళ్ళు వెదురుబుట్టలతో సహా పరుగెత్తుకొచ్చారు. ఒకామె దున్న కొమ్ము తాకి చూసి ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. కుర్రాళ్ళు నరహరి చుట్టూ చేరారు.

"ఒక్క దెబ్బకే! ఏ తుపాకి దొరా? ఏం తూటా? దాని కిటుకేందో చెప్పుండ్రి!"

ఎవరైనా ఆ మాట అడగాలని నరహరి ఎన్నాళ్ళనుంచో ఎదురుచూశాడు. అతని నోరు తెరుచుకుంది.

దస్తగీర్ సాహెబ్ జేబులోంచి రేగుపండు తీసి అతని అరచేతిలో పెట్టాడు. నిన్నటిది, కాస్త వడిలింది.

నరహరి ఆయన వంక చూశాడు. పండు నోట్లో వేసుకున్నాడు.

కుర్రాళ్ళు జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. నరహరి నెమ్మదిగా నములుతూ, నీళ్ళు తోసుకుంటూ దున్న దగ్గరికి నడిచాడు.