పద్దెనిమిది నిండని పగ్గాలు

పద్మగిరి మహారాజు విజయకేతుకి కోపం వచ్చినా, సంతోషం వచ్చినా ఒక చట్టం పుట్టుకొచ్చేది. ఒకరోజు కోపమే వచ్చింది. కొత్త పట్టు ఉత్తరీయం వేసుకుని కోటగుమ్మంలో నిలబడి ఉంటే, మీసాలైనా మొలవని సామంతుల కుర్రాళ్లు పందెం వేసుకుని రథాలు తోలుకుంటూ వచ్చి, దాని నిండా బురద చిమ్మి పోయారు.

"పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఇక పగ్గాలు ముట్టుకోకూడదు!" అని రాజు అక్కడికక్కడే కేకేశాడు. "ముట్టుకుంటే ఆ ఇంట్లో ఎవరూ జన్మలో రథమెక్కకూడదు. కాలినడకే!"

ఏళ్లు గడిచాయి. ఉత్తరీయాలు ఎన్నో మారాయి. చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

రాజ్యంలోని రథాలన్నింటికీ అధికారి ఉద్దండరావు. ఒకనాడు ఆయన మీసం మెలేసుకుంటూ సభలోకి ఇద్దరు దోషుల్ని లాక్కొచ్చాడు. ఒకరు రాజుగారి సారథి కొమరయ్య. రెండోది ఆయన కూతురు సింగారి, పదహారేళ్ల పిల్ల.

"ఏటి ఇసుకలో ఈ పిల్ల రథం తోలుతూ నా కంటపడింది ప్రభూ!"

"అక్కడ పురుగైనా లేదు మహాప్రభో," అని కొమరయ్య మొత్తుకున్నాడు. "పైగా పక్కనే నేనున్నా. తోడు పగ్గం నా చేతిలోనే ఉంది."

నేర్చుకునేవాళ్లు తడబడితే గుర్రాలను ఆపడానికి, పక్కన కూర్చున్న పెద్దవాళ్లు పట్టుకునే రెండో పగ్గం అది. సారథుల ఇళ్లలో అందరూ అలాగే నేర్చుకున్నారు.

"అవన్నీ నాకనవసరం. పిల్ల పగ్గం ముట్టుకుందా, లేదా?" అన్నాడు ఉద్దండరావు.

"ముట్టుకోకుండా తోలడం ఎట్టా వస్తదయ్యా, కల్లోనా?" అంది సింగారి.

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మాత్రం నవ్వలేదు. కొమరయ్య ఆయనకు చిన్ననాటి నుంచీ సారథి. కానీ చట్టం తనది, నోరూ తనదే. "చట్టం చట్టమే కదా..." అని గొణిగాడు.

విదూషకుడు జగ్గన పక్క నుంచి ఇదంతా చూస్తున్నాడు. కొమరయ్యకు ఆ పని తప్ప వేరే బతుకుతెరువు లేదు. అలాగని రాజుతో వాదించడమా? వాదనలో ఓడిపోతే ఆయన ఇంకో చట్టం చేసి కూర్చుంటాడు. అందుకని జగ్గన అదను కోసం కాచుకున్నాడు.

అంతలో ఉద్దండరావు గొంతు సవరించుకున్నాడు.

"సారథి లేకుండా ప్రభువులు ఒక్క పూటైనా ఉండకూడదు. మా అబ్బాయి మార్తాండుడికి నిన్ననే పద్దెనిమిది నిండాయి. వాడి చేతిలో గుర్రాలు గొర్రెపిల్లల్లా ఉంటాయి!"

జగ్గన ఎగిరి గంతేశాడు.

"శుభం! ఆలస్యమెందుకు ప్రభూ? ఇప్పుడే ఎక్కి ఊరంతా ఒక చుట్టు చుట్టి రండి!"

కొమరయ్య జగ్గన వంక నమ్మలేనట్టు చూశాడు. సింగారి అయితే కొరికేసేలా చూసింది.

సభంతా ఆవరణలోకి కదిలింది. నాలుగు గుర్రాల రథం సిద్ధమైంది. జరీ తలపాగా చుట్టుకున్న మార్తాండుడు ఠీవిగా పగ్గాలు అందుకున్నాడు. రాజు ఒక కాలు రథం మీద పెట్టాడో లేదో, జగ్గన దబ్బున నేల మీద పడి చక్రాన్ని కావలించుకున్నాడు.

"వద్దు మహారాజా, వద్దు! మీకేమైనా అయితే ఎలా? యువరాజు ఇంకా పసివాడు! రాణిగారికి నేను మొహం ఎలా చూపించను?"

"ఏమొచ్చిందయ్యా నీకు?" అన్నాడు రాజు.

"ఇప్పుడే గుర్తొచ్చింది ప్రభూ! ఈ అబ్బాయికి నిన్ననే కదా పద్దెనిమిది నిండింది? ఉద్దండరావుగారిది చట్టాన్ని నెత్తిన పెట్టుకునే ఇల్లు. అంటే నిన్నటిదాకా వీడు పగ్గం తాకి ఉండడు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి! మొదటిసారే నాలుగు గుర్రాలు! వెనకాల మీరు!"

రాజు పెట్టిన కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. జనం గుసగుసలాడారు. వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు.

ఉద్దండరావు మొహం కందగడ్డలా అయింది.

"మొదటిసారా? నా కొడుకునా ఆ మాటనేది? పోయినేడు మొదలు మా తోటలో రోజూ తోలుతున్నాడు! నాలుగు గుర్రాలనూ ఒక్క నిమ్మకాయ చుట్టూ తిప్పుతాడు! పక్కన కూర్చుని తోడు పగ్గం పట్టింది ఎవరనుకున్నావ్? సాక్షాత్తూ నేను!"

మార్తాండుడు పగ్గాలు వదిలేసి తల పట్టుకున్నాడు. "నాన్నా, అంతా చెప్పేశావు!"

జగ్గన ఏడుపు ఆపి, లేచి, పంచె దులుపుకున్నాడు.

"అయితే భయం లేదు, మీరెక్కండి మహారాజా. దిగాల్సినవాళ్లు వాళ్లే!"

మొదట నవ్వింది రాజే. నవ్వి నవ్వి కిరీటం చెవి మీదికి జారింది. సభ నవ్వింది, భటులు నవ్వారు, గుర్రాలు కూడా సకిలించాయి.

"తండ్రులిద్దరూ చేసింది ఒక్కటే పని," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "తప్పు నా చట్టానిదే. పద్దెనిమిది నిండేదాకా రాజవీధిలో తోలకూడదు. ఊరవతల, జనం లేని చోట, పెద్దవాళ్లు పక్కనుంటే నేర్చుకోవచ్చు. కొమరయ్యా, నీ పని నీదే. ఉద్దండరావ్, నువ్వు మాత్రం ఇవాళ ఇంటికి నడిచి వెళ్లు."

వీధి చివరికి వెళ్లాలన్నా రథం కట్టించుకునే ఉద్దండరావు, బొజ్జ పట్టుకుని ఉసూరుమంటూ బయల్దేరాడు.

"జగ్గనా, నీకు రెండు తెల్లగుర్రాలున్న రథం బహుమానం!" అన్నాడు రాజు.

జగ్గన మొహం వేలాడేశాడు. "నాకు యాభై దాటాయి ప్రభూ. హక్కు దండిగా ఉంది. తోలడమే రాదు!"

సింగారి ఒక్క దూకులో ఆ రథమెక్కి కూర్చుంది.

"ఇసుకలోకి రా బాబాయ్, నేను నేర్పిస్తా. పెద్దవాళ్లు పక్కనుండాలి కదా, నువ్వుంటావుగా!"

రాజు కిరీటం ఈసారి నిజంగానే కింద పడింది.