గొంగడి సాయవ్వ తిట్లు

అనగనగా అంటే ఎప్పుడని మాత్రం నన్నడగకండి. మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. గాలిగుట్ట అని ఒక ఊరు. గుట్ట మీది ఊరు కాబట్టి చలికాలం వచ్చిందంటే గాలి తలుపు సందుల్లోంచి దూరి మనిషిని వెతుక్కుంటూ వచ్చేది. ఆ ఊళ్లో సాయవ్వ అని ఒక కురుమ ముసలామె ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. గొర్రెల ఉన్ని వడికేది, గొంగళ్లు నేసేది, నేసినవాటికి చింతగింజల గంజి పట్టించేది. ఒక్క గొంగడి కావాలంటే నెల పట్టేది.

అంత కష్టపడి నేసిస్తే జనం ఏమనాలి? చల్లగా ఉండు అవ్వా అనాలి. అన్నారా? ఒకామె గుచ్చుకుంటోందంది. ఒకామె గొర్రె వాసన వస్తోందంది. ఇంకొకామె నల్లగా ఉంది, ఎర్రది లేదా అంది. గొర్రె నల్లగా ఉంటే గొంగడి ఎర్రగా ఎట్లా వస్తుంది? మీరే చెప్పండి.

సాయవ్వకు ఒళ్లు మండేది.

"ఉత్త ఒంటి మీద ఏసుకుంటే గుచ్చక ఏం జేస్తది? కింద వరిగడ్డి, లోపల పాత చీర, పైన గొంగడి. ఎన్నిసార్లు జెప్పాలె మీకు?"

చెప్పింది ఎవరూ వినలేదు. తిట్లు మాత్రం అందరూ విన్నారు. తిట్ల సాయవ్వ అని పేరు కూడా పెట్టారు.

ఆ ఊరి పటేలింట్లో మాణిక్యమ్మ అత్త, సత్తెమ్మ కోడలు. మాణిక్యమ్మను అందరూ పటేలమ్మ అనేవాళ్లు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే ఏం చేసినా నలుగురూ చూసి మెచ్చుకోవాలి, అదీ ఆమె రోగం. సత్తెమ్మకు పుష్యమాసంలో తొలికాన్పు అయింది. ఆడపిల్ల. సాయవ్వ వచ్చి గడప బయటే నిలబడి చెప్పింది.

"కింద వరిగడ్డి, లోపల పాత చీర, పైన గొంగడి."

"పటేలింటి బిడ్డకు పాత గుడ్డ చుడతమా?" అంది మాణిక్యమ్మ. పట్నం నుంచి తెప్పించిన పట్టుబట్ట చుట్టింది. ఉల్లిపొరంత పలచన. ఊరంతా వచ్చి ఎంత బాగుందో అని చూసిపోయారు. మూడోనాటికి బిడ్డ చలికి నీలుక్కుపోయి కన్నుమూసింది.

రెండో ఏడు. మళ్లీ పుష్యమాసం, మళ్లీ కాన్పు. ఈసారి మగపిల్లవాడు. సాయవ్వ మళ్లీ గడప బయట నిలబడి అదే మాట చెప్పింది. ఈసారి పటేలమ్మ సగం వింది. సగం వింటే ఏమవుతుందో చూడండి. గొంగడి తీసుకుంది, పాత చీర వద్దంది. పసిగుడ్డుకు ఉత్త ఒంటి మీద గొంగడి చుట్టేసరికి ఒళ్లంతా దద్దుర్లు తేలి గుక్కపట్టి ఏడ్చాడు. "ఇదీ సాయవ్వ గొంగడి సంగతి" అని తీసి అవతల పడేసి, మళ్లీ ఆ పట్టుబట్టే చుట్టింది. ఆ బిడ్డా దక్కలేదు.

మూడో ఏడు సత్తెమ్మ ఏడో నెల కడుపుతో ఒక్కతే సాయవ్వ గుడిసెకు వచ్చింది. మగ్గం పక్కన కూలబడింది.

"అవ్వా, ఈ బిడ్డ గూడ పోతే నేను బతుకను."

సాయవ్వ ఆమెను ఒక్క మాటా అనలేదు. ఆమె వెళ్లాక ఊరందర్నీ పేరుపేరునా తిట్టింది. తర్వాత గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని, అన్నిటికంటే మెత్తనిది, ఏరి పెట్టుకుంది. నెల రోజులు కూర్చుని నిలువెత్తు గొంగడి నేసి పటేలింట్లో ఇచ్చి వచ్చింది.

ఇక్కడితో కథ మంచిగా అయిపోవాలి. అయితే ఇంకేం? మాణిక్యమ్మకు భయం పట్టుకుంది. ఇది కూడా గుచ్చుకుంటే? ఇంకాస్త మెత్తబడితే బాగుండు అనుకుంది. చాకలి బానలో బట్టలుతికే సౌడు మట్టి కలిపి, పొద్దున పొయ్యి మీద పెట్టి పొద్దుగూకేదాకా గొంగడిని ఉడకబెట్టించింది. ఉన్నిని ఎవరైనా ఉడకబెడతారా? ఆమె ఉడకబెట్టించింది. నిలువెత్తు గొంగడి ముడుచుకుని, ముడుచుకుని, ముడుచుకుని చాటంత అయింది. జొన్నరొట్టెలా మందంగా తయారైంది. అది చూసి పటేలమ్మ ఎవరికీ చెప్పకుండా వడ్ల గుమ్మి వెనక దాచేసింది.

సత్తెమ్మకు నెల ముందే నొప్పులొచ్చాయి. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. దోసిట్లో పట్టేంత బిడ్డ. పెదాలు నీలంగా ఉన్నాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు. మంత్రసాని సాయవ్వను పిలిపించింది. ఈసారి సాయవ్వ గడప బయట ఆగలేదు, నేరుగా లోపలికి వచ్చింది.

"గొంగడేది?"

పటేలమ్మే వెళ్లి గుమ్మి వెనక నుంచి తెచ్చి ఇచ్చింది. సాయవ్వ అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"ఉడకబెట్టినవా?"

"మెత్తగయితదనుకున్న."

"నెల దినాలు నేసిన గద పటేలమ్మా. పప్పనుకున్నవా, ఉడకబెట్టనీకి?"

సాయవ్వ దాన్ని చేత్తో పిసికింది. నోటికి ఆనించి ఊదింది. గాలి అవతలికి పోలేదు. అప్పుడు బిడ్డ పక్కన పరిచి చూసింది. ఆ బిడ్డకు కొలత తీసినట్టు సరిపోయింది. ఆ మాట పైకి అంటుందా? అనలేదు.

"పాత చీర తే" అంది.

"మా ఇంట్ల పాత చీరలు ఉండయి. ఎప్పటియప్పుడు పనోళ్లకు ఇచ్చేస్తం."

సాయవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. మాణిక్యమ్మ బయటికి పట్టు కట్టినా, ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరే కట్టేది.

"నీ ఒంటి మీదున్నదేంది?"

"ఇది నేను ఇంట్ల కట్టుకునేది."

"అదే గావాలె. ఇప్పు."

"మరి నేనేం కట్టుకోవాలె?"

"పెట్టెల పట్టుచీరలున్నయి గద. అవి నువ్వు కట్టుకో. బిడ్డకు ఇది గట్టు."

పటేలమ్మ లోపలికి వెళ్లి మార్చుకుని వచ్చింది. సాయవ్వ కింద వరిగడ్డి పరిచింది. లోపల పాత చీర చుట్టింది. పైన ఆ చాటంత గొంగడి చుట్టి బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించింది. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు ఊరుకోలేదు. పటేలమ్మను తిట్టింది, మంత్రసానిని తిట్టింది, బాన అరువిచ్చిన చాకలామెను తిట్టింది. వాకిట్లో నిలబడ్డ పటేల్‌ను కూడా వదల్లేదు.

"కింద వరిగడ్డి, లోపల పాత చీర, పైన గొంగడి. ఎన్నిసార్లు జెప్పాలె మీకు? ఇద్దరు బిడ్డలను మన్నుల పెట్టినంక గూడ జెప్పాల్నా?"

మధ్యాహ్నానికి బిడ్డ పెదాలు ఎర్రబడ్డాయి. సాయంత్రానికి నోరు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విని సత్తెమ్మ కూడా ఏడ్చింది. పటేలమ్మ పట్టుచీరలో మూడు రోజులు వణికి, నాలుగో రోజున సాయవ్వ గుడిసెకు వెళ్లి, నాక్కూడా ఒక గొంగడి నేసిస్తావా అని మెల్లగా అడిగింది. ఆమె తిన్న తిట్లు ఇక నేను చెప్పను.

ఆ పిల్ల బతికింది. పెరిగి గుట్ట మీద గొర్రెల వెంట పరిగెత్తింది. కొన్నేళ్లకు సాయవ్వ పోయింది.

ఆమె పోయిన ఏడు, చలికాలంలో కుమ్మరింట్లో బిడ్డ పుట్టింది. కింద వరిగడ్డి వేశారు. లోపల పాత చీర చుట్టారు. పైన సాయవ్వ నేసిన గొంగడే కప్పారు. అన్నీ సరిగ్గానే చేశారు, అయినా బిడ్డ ఏడుపు ఆపలేదు. ఏం తక్కువైందో ఎవరికీ తోచలేదు. చూడటానికి వచ్చిన మాణిక్యమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత చీర కొంగు నడుముకు చుట్టి కుమ్మరింటి అత్తను, మామను, మొగుణ్ణి వరసబెట్టి తిట్టింది. ఎన్నిసార్లు జెప్పాలె మీకు అని అరిచింది. బిడ్డ ఏడుపు ఆపింది. తిట్లకు ఆపిందో, అలిసిపోయి ఆపిందో నాకు తెలీదు. తిట్లకేనని ఊరు తేల్చేసింది.

అప్పటినుంచి గాలిగుట్టలో బిడ్డకు మొదటిసారి గొంగడి చుట్టేటప్పుడు ఆ ఇంటి పెద్దామె అందర్నీ తిట్టాలి. తిట్టేవాళ్లు లేని ఇంటికి పక్కింటి నుంచైనా పిలుచుకొస్తారు. ఆమె నోరు నొచ్చేదాకా తిట్టాక, ఇంట్లోవాళ్లంతా తల వంచుకుని, "విన్నం సాయవ్వా" అంటారు.

బతికుండగా ఆ ఒక్క మాట ఆమెతో ఎవరూ అనలేదు.